నెల తక్కువ బిడ్డకు మందు ట్రయల్: సంతకానికి ముందు

ప్రశ్న: మా చెల్లెలికి 30 వారాలకే బాబు పుట్టాడు. బరువు 1200 గ్రాములు, ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్నాడు. కొత్త మందు ట్రయల్‌లో చేర్చుకుంటామని సంతకం అడుగుతున్నారు. ఇంత పసిగుడ్డు మీద ప్రయోగమా? రక్తం కూడా తీస్తారట. వద్దంటే సరిగ్గా చూడరేమోనని భయం.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ భయం పక్కన పెట్టండి. వద్దన్నా, చేరాక మధ్యలో మానేసినా బాబుకు అందే వైద్యం తగ్గకూడదు. ఇది నియమం.

పసిబిడ్డల్లోనే ఎందుకు పరీక్షించాలంటే, పెద్దల మోతాదును బరువు లెక్కన తగ్గిస్తే సరిపోదు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన నెల తక్కువ బిడ్డలు ఒళ్లు బూడిదరంగుకు తిరిగి చనిపోతున్నారని 1959లో అమెరికా వైద్యులు గుర్తించారు. ఇంకా పూర్తిగా ఎదగని కాలేయం ఆ మందును బయటికి పంపలేక అది ఒంట్లోనే పేరుకుపోయింది. పరీక్షించకుండా వాడితే జరిగేది ఇదే.

రక్తం సంగతి గట్టిగా అడగండి. కిలోకు 80–90 మి.లీ. చొప్పున మీ బాబు ఒంట్లో ఉన్నది మొత్తం 100 మి.లీ. అటూ ఇటూ, ఒక చిన్న టీకప్పుడు. పరిశోధన కోసం ఒక్కసారికి అందులో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం మించకూడదని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఒకసారికి 1 మి.లీ., మొత్తం 3 మి.లీ. మామూలు పరీక్షలకు పొడిచినప్పుడే దీనికీ తీస్తారా, విడిగా మళ్లీ పొడుస్తారా? నొప్పి తగ్గడానికి పొడిచే ముందు నాలుక మీద తల్లిపాలో చక్కెర నీళ్లో చుక్కలు వేస్తారా?

ఇంకా అడగాల్సినవి: ట్రయల్‌లో ఆ మందు అందని బిడ్డలకు ఏమిస్తారు? సీటీఆర్‌ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే పట్టికలో) నమోదు నంబరు ఎంత? హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరిస్తారు? బిడ్డకు నేరుగా మేలు లేకుండా రిస్కు ఎక్కువుంటే తల్లిదండ్రులిద్దరి సంతకం కావాలి. పత్రం తెలుగులో చదివించుకుని, ఒక కాపీ తీసుకోండి. ఆపరేషన్ నొప్పుల్లో ఉన్న తల్లి చేత హడావుడిగా సంతకం పెట్టించొద్దు. ప్రాణం మీదికి రాని విషయమైతే ఒక పూట గడువు అడగండి.

ప్రశ్న: ఇలాంటి ట్రయల్స్‌లో మోతాదు పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?
– నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముఖ్యంగా చూడాల్సిన చోటు మందు కలిపే బల్ల. ఉదాహరణకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక రకం వయల్‌లో (మందు సీసాలో) మి.లీ.కి 40 మి.గ్రా. ఉంటుంది. కిలోకు 5 మి.గ్రా. అనుకుంటే 1200 గ్రాముల బిడ్డకు కావాల్సింది 6 మి.గ్రా., అంటే 0.15 మి.లీ. అంత తక్కువను సిరంజిలో కచ్చితంగా కొలవడం కష్టం. సిరంజి మూతిలో మిగిలే చుక్కే పెద్ద తేడా తెస్తుంది. 1 మి.లీ. మందుకు 9 మి.లీ. సెలైన్ కలిపితే మి.లీ.కి 4 మి.గ్రా. అవుతుంది, అప్పుడు 1.5 మి.లీ. తీయొచ్చు. అయితే పలచన చేసినది, చేయనిది పక్కపక్కన ఉండి ఒకదాని బదులు ఇంకొకటి తీస్తే మోతాదు పది రెట్లు వెళ్లిపోతుంది. కలపగానే లేబుల్ అంటించండి, లెక్క ఇద్దరు విడివిడిగా వేయండి, బరువు ఏ రోజుదో చూడండి.