డిటెక్టివ్ నవల ఆధారంగా తీసిన జపనీస్ క్రైమ్ థ్రిల్లర్‌లలో మొదట ఏది చూడమంటారు?

ఒక్క సినిమా పేరే అడిగారు కనుక ఒక్కటే చెబుతాను: యోషితారో నొమురా దర్శకత్వంలో 1974లో వచ్చిన ‘సునా నో ఉత్సువా’, అంటే ‘ఇసుక పాత్ర’. సెయిచో మాత్సుమోతో 1960-61లో యోమియూరి దినపత్రికలో ధారావాహికగా రాసిన నవల దీనికి మూలం. కింద కథ చాలావరకు బయటపడుతుంది. ఏమీ తెలియకుండా చూడదలచినవారు ఇక్కడే ఆగవచ్చు.

టోక్యోలోని కామాతా రైల్వే యార్డులో ఒక పెద్దాయన శవం దొరుకుతుంది. ముందురాత్రి ఆయన దగ్గరలోని బారులో ఒక యువకుడితో కూర్చున్నాడనీ, ఈశాన్య జపాను యాసలో మాట్లాడాడనీ, ఆ మాటల్లో ‘కామెదా’ అన్నది వినిపించిందనీ అక్కడివారు చెబుతారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని డిటెక్టివ్ ఇమానిషి ఈశాన్యాన అకితా ప్రాంతంలో ఉన్న కామెదా దాకా వెళ్ళి, ఎండలో తిరిగి తిరిగి, ఉత్తచేతులతో వెనక్కి వస్తాడు. కొన్నాళ్ళకు మృతుడెవరో తెలుస్తుంది గాని, ఆయనకు ఈశాన్యంతో ఏ సంబంధమూ ఉండదు. చివరకు భాషా పరిశోధన సంస్థలో అడిగితే, అచ్చం అటువంటి యాసే పడమటి వైపు షిమానేలోని ఇజుమో ప్రాంతంలోనూ ఉందని తేలుతుంది. మ్యాపు ముందేసుకుని వెతికితే అక్కడ ‘కామెదాకె’ అనే ఊరు కనిపిస్తుంది. బారులో విన్నవారి చెవి చివరి అక్షరాన్ని జారవిడిచింది. మృతుడు ఒకప్పుడు ఆ ఊళ్ళో పోలీసు.

నేను మొదటిసారి ఈ సినిమాను గంట చూసి ఆపేశాను. రైళ్ళు, స్టేషన్లు, విచారణలు తప్ప ఏమీ జరగడం లేదనిపించింది. పైగా ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో అన్ని యాసలూ ఒకేలా ఉండడంతో అసలు చిక్కుముడి నాకు తగలలేదు. మాది విజయనగరం. హైదరాబాదులో అద్దెకున్న ఇంటాయన నేను ‘ఏటండీ’ అన్న మొదటి రోజే మాది శ్రీకాకుళమని తేల్చేసి, నాలుగేళ్ళూ నన్ను ‘శ్రీకాకుళం అబ్బాయి’ అనే పిలిచారు. రెండోసారి సినిమా చూస్తున్నప్పుడు ఆయన గుర్తొచ్చారు. యాస విని ఊరు చెప్పేయగలమన్న ధీమాయే ఇమానిషిని అకితా రైలెక్కించిందని అప్పుడు గాని తట్టలేదు.

లోపం లేదనను. హంతకుడి రక్తపు చొక్కాను అతని ప్రియురాలు ముక్కలుగా కత్తిరించి, రైలు కిటికీలోంచి కాగితపు మంచులా గాలికి వదలడం, దాని గురించి ఎవరో పత్రికలో రాయడం, అది మరో డిటెక్టివ్ కంటబడడం మరీ అనుకూలంగా కుదిరిన సంగతి. కాని నవలలోని హంతకుడు ఎలక్ట్రానిక్ సంగీతంతో ప్రయోగాలు చేసేవాడు, అల్ట్రాసౌండ్‌తో మనుషులను చంపేవాడు. స్క్రీన్‌ప్లే రాసిన షినోబు హాషిమోతో, యోజీ యమాదా దాన్నంతా పక్కనపెట్టి అతణ్ణి పియానో కచేరీ చేసే స్వరకర్తగా మార్చడం ఎంత మంచి నిర్ణయమో చివరి నలభై నిమిషాలు చూస్తే తెలుస్తుంది. ఒకవైపు పోలీసుల సమావేశంలో ఇమానిషి కేసు వివరిస్తుంటాడు, ఇంకోవైపు వేదిక మీద ‘విధి’ అనే రచన వినిపిస్తుంటుంది, ఈ రెండింటి నడుమ కుష్ఠు సోకి ఊరు విడిచిన తండ్రీ, ఆరేడేళ్ళ కొడుకూ మంచులో, సముద్రతీరంలో అడుక్కుంటూ నడుస్తుంటారు. నవలలో ఈ ప్రయాణం కొద్ది వాక్యాలకు మించదు. ఆ పిల్లవాడే ఇప్పటి స్వరకర్త. ఆ తండ్రిని ఆస్పత్రికి పంపి, పిల్లవాణ్ణి చేరదీసినవాడే హతుడు.

నవలలో తండ్రి అప్పటికే చనిపోయి ఉంటాడు. సినిమాలో బతికే ఉన్నాడు. కుష్ఠు ఆశ్రమంలో చక్రాల కుర్చీలో కూర్చున్న ఆ ముసలాయనకు ఇమానిషి స్వరకర్త ఫొటో చూపిస్తాడు. ఆయన దాన్ని చూస్తాడు, ఒళ్ళంతా వణుకుతుంది, గొంతు పూడుకుపోయేంతగా ఏడుస్తాడు, ‘ఇలాంటి మనిషిని నేనెరగను’ అని అరుస్తాడు. యోషి కాతో నటన అది. నవల చదవాలనుకుంటే సినిమా తర్వాతే చదవండి; సినిమాను మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే విడతలో చూడండి.