టేకు బల్ల చేయించాలంటే

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి ఆరుగురు కూర్చునే టేకు భోజనాల బల్ల, ఒక మంచం చేయించాలనుకుంటున్నాము. ఒక వడ్రంగి కర్ర, కూలి కలిపి గుత్తగా ఒక ధర చెబుతున్నారు. మరొకరు కర్ర మమ్మల్నే కొనుక్కోమని, కూలి విడిగా ఇమ్మని అంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఆలపల్లి అడవులకు దగ్గరగా ఉన్న మీకు మంచి టేకు దొరకడం కష్టం కాదు. అది ఆరిన కర్రో కాదో తేల్చుకోవడమే కష్టం. గుత్తకు ఇస్తే చేవ (దుంగ నడిమి గట్టి కర్ర) ఎంత, తెల్లచెక్క (దాని చుట్టూ ఉండే బయటి కర్ర) ఎంత వాడారో పాలిష్ వేశాక కనిపెట్టలేము కనుక, కర్ర మీరే కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

అయితే లెక్క తెలిసి కొనండి. 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అంగుళం మందం గల పైపలకకు 1.25 ఘనపుటడుగులు చాలుననిపిస్తుంది. కానీ చిత్రిక పట్టాక అంగుళం మిగలాలంటే అంగుళంపావు మందాన కోయించాలి; అంచులు, పగుళ్లు, కర్రలోని ముడులు తీసివేసేసరికి దాదాపు 2 ఘనపుటడుగులు పడుతుంది. వడ్రంగి ఎక్కువ కర్ర అడుగుతున్నాడని అనుమానించే ముందు ఈ తరుగు చూసుకోండి. మిగిలే ముక్కలు ఎవరివో కూడా ముందే మాట్లాడుకోండి, తగవులు ఎక్కువగా అక్కడే వస్తాయి.

కోసిన పలకలను నడుమ బద్దలు పెట్టి నీడలో పేర్చి ఆరబెడితే, అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని పాత లెక్క. పెళ్లి దగ్గర పడితే బట్టీలో ఆరబెట్టినదే కొని, తేమ మీటరుతో 12 శాతం లోపు ఉందో లేదో చూపించమనండి. ఆరిన కర్ర కూడా పొడవులో దాదాపు మారదు గాని, వెడల్పులో ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది. 3 అడుగుల పలకకు ఆ తేడా పావు అంగుళం దాకా ఉండవచ్చు. అందుచేత పైపలకను చట్రానికి జిగురుతోనో మేకులతోనో బిగించేస్తే ఎప్పుడో ఒక వేసవిలో చీలుతుంది. చట్రం లోపలివైపు గాడి తీసి, అందులో జరిగే చిన్న చెక్క పట్టీలతో పలకను పట్టించమనండి. కాళ్లకు అడ్డకర్రలను కలిపేటప్పుడు, అడ్డకర్ర చివర కుసి (నాలుకలాంటి మొన) చెక్కి, కాలిలోని రంధ్రంలో దించాలి. మంచానికి మాత్రం బోల్టులే నయం, అది అత్తవారింటి గుమ్మం దాటాలి కదా!

కొలతలు, కర్ర రకం, అతుకుల పద్ధతి, గడువు, వాయిదాలు ఒక కాగితం మీద రాయించి, చివరి వాయిదా పాలిష్ అయ్యాకే ఇవ్వండి. కర్రను ప్రభుత్వ డిపో వేలంలోనో, లైసెన్సు ఉన్న సామిల్లులోనో కొని బిల్లు దాచుకోండి. బిల్లు లేకుండా చవకగా వచ్చే దుంగను 1927 నాటి అటవీ చట్టం కింద జప్తు చేయవచ్చు. వియ్యంకులు ప్రాణహితకు అవతల, తెలంగాణలో ఉంటే, సామాను తరలించేందుకు ఏ అనుమతి పత్రాలు కావాలో అటవీ కార్యాలయంలో ముందే కనుక్కోండి.