నిద్రలో ఫిట్స్: ఈఈజీ నార్మల్ అంటే మూర్ఛ లేదని కాదు

మీ తమ్ముడికి 22 ఏళ్లు, ఫిట్స్ నిద్రలోనే వస్తున్నాయి, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు నమోదు చేసే పరీక్ష) నార్మల్ రాగానే డాక్టర్లు టెన్షన్ వల్లే అని పంపేశారన్నారు కదండీ. పగలు మెలకువలో కాసేపు తీసిన ఈఈజీతో తేల్చేయకూడదు. ముఖ్యంగా మెదడు ముందు భాగంలో (ఫ్రంటల్ లోబ్‌లో) మొదలయ్యే మూర్ఛ అందులో చాలాసార్లు దొరకదు. సాధారణంగా నిమిషంలోపే అయిపోతుంది, ఒకే రాత్రి నాలుగైదుసార్లు రావచ్చు, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించడం, అరవడం చూసి ఇంట్లోవాళ్లు పీడకల అనుకుంటారు (గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లూ ఉన్నారు, అదో గోల). ఉలిక్కిపడి లేచి కేకలు పెట్టే నిద్ర సమస్య అయితే ఎక్కువగా పడుకున్న మొదటి గంటల్లో, ఒక్కసారే వచ్చి, ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది.

ముందు ఫోన్‌లో వీడియో తీయండి, దుప్పటి తీసేసి, ముఖం, చేతులు, కాళ్లు కనపడేలా, ఎన్నింటికి వచ్చిందో కూడా రాసుకోండి. అది చూపించి రాత్రంతా పెట్టే వీడియో ఈఈజీ, ఎపిలెప్సీ ప్రోటోకాల్ ఎమ్మారై (మూర్ఛకు కారణం వెతికేలా ప్రత్యేకంగా తీసే మెదడు స్కాన్) అడగండి, హైదరాబాద్ నిమ్స్‌లో గానీ బెంగళూరు నిమ్హాన్స్‌లో గానీ. ఈసీజీ కూడా తీయించండి, గుండె లయ తప్పినా ఫిట్స్‌లాగే కనిపించొచ్చు.

ఈలోగా మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు వద్దు. 5 నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోన్ చేయండి.