అడగ్గానే కొటేషన్ పంపకు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. వెబ్‌సైట్లు తయారుచేసే పని బాగా చేస్తున్నా క్లయింట్లు నిన్ను చెప్పింది చేసిపెట్టే మనిషిగానే చూస్తున్నారనీ, ప్రతిసారీ బేరంతోనే మాట మొదలవుతోందనీ రాశావు. లోపం నీ పనితనంలో లేదు. వాళ్లు అడగ్గానే నువ్వు కొటేషన్ పంపేస్తున్నావు.

"మా వెబ్‌సైట్ డిజైన్ మొత్తం మార్చాలి, ఎంతవుతుంది?" అంటే అంకె చెప్పకు. ఇప్పుడే ఎందుకు మార్చాలనుకుంటున్నారో అడుగు. "అమ్మకాలు పడిపోయాయండీ" అంటారు. ఎప్పటినుంచి? జనం సైట్‌కే రావడం లేదా, వచ్చి కొనకుండా పోతున్నారా? సైట్‌కి ఎంతమంది వచ్చారో, ఏం చేశారో లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్ చూపించమను. కార్ట్‌లో వస్తువు వేసుకున్నవాళ్లలో చాలామంది డబ్బు కట్టకుండానే వెళ్లిపోతున్నారనుకో, నువ్వే ఫోన్‌లో సైట్ తెరిచి ఏదో ఒకటి కొనబోయి చూడు. అకౌంట్ తెరిస్తే గానీ ముందుకు పోనివ్వదు, ఓటీపీ ఎంతకీ రాదు. అసలు సంగతి అదీ! అకౌంట్ లేకుండా కొనే దారి పెడితే సరిపోతుంది. రెండు నెలల ప్రాజెక్టు కాస్తా నాలుగు రోజుల పనై కూర్చుంటుంది. ఆ మాట చెప్పడానికి మనసొప్పదు, తెలుసు. అయినా చెప్పు. నీ ఆదాయానికి గండిపడే మాట నీ నోటే విన్న మనిషి, తర్వాతి పనికి ముందు నిన్నే అడుగుతాడు. ఆ నాలుగు రోజుల పనీ చేయించుకుని మళ్లీ కనిపించనివాళ్లూ ఉంటారనుకో, పోనీ.

మొదటి ఫోన్ మాటలకు డబ్బు అడగక్కర్లేదు. లెక్కలన్నీ తిరగేసి రిపోర్టు రాయాల్సి వస్తే మాత్రం దానికి వేరే ఫీజు తీసుకో. ఆరా తీయడం కూడా పనే.

సలహా ఇచ్చేటప్పుడు పది దారులు చూపించి "మీ ఇష్టమండీ" అనకు. రెండు చెప్పు, నువ్వైతే ఏది ఎంచుకుంటావో, ఎందుకో చెప్పు. వాళ్లు రెండోదే కావాలంటే, దానివల్ల వచ్చే ఇబ్బందిని మెయిల్‌లో ఒక్క ముక్క రాసి, మనసు పెట్టి చెయ్యి. తర్వాత బెడిసికొట్టినా "నేను ముందే చెప్పానుగా" అనకు. ఆ మాట మన నోట వచ్చినంత తేలిగ్గా వాళ్లు మరిచిపోరు.

డొమైన్, అంటే సైట్ చిరునామా, ఎప్పుడూ క్లయింట్ పేరుమీదే, వాళ్ల ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేయించు. నీ పేరున పెట్టుకుంటే వాళ్ల జుట్టు నీ చేతిలో ఉన్నట్టే. నువ్వు సూచించిన హోస్టింగ్‌కు, అంటే సైట్‌ను నడిపే సర్వర్ అద్దెకిచ్చే కంపెనీ సేవకు, నీకు కమీషన్ వస్తుంటే అదీ ముందే చెప్పు. ఆలస్యం కాబోతోందని నీకు అనుమానం తగిలిన రోజే ఫోన్ చెయ్యి, గడువు రోజున కాదు.

పని అప్పగించిన నెలకు ఓసారి పలకరించు. "అకౌంట్ అడగడం తీసేశాక ఆర్డర్లు ఏమైనా పెరిగాయా?" అని అడుగు, అంతే. ఆ ఫోన్‌లో కొత్త పని మాట మాత్రం ఎత్తకు.

ఉంటాను,
అన్నయ్య