నెల్లూరులో టిడ్కో ఇళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

పట్టణ పేదలకు ఇళ్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థే టిడ్కో. "నెల్లూరు నగరపాలక సంస్థ (కార్పొరేషన్) మన ఇంటిపన్నుతోనే టిడ్కో ఇళ్లు కడుతుందా?" అని ఒకరు అడిగారు. కాదండీ. ఆ వసూళ్లు వెళ్లేది జీతాలు, వీధిదీపాలు, చెత్త ఎత్తడం లాంటి పనులకు.

కార్పొరేషన్ పని ఇళ్లు కట్టకముందే మొదలైంది. 2015లో వచ్చిన పీఎం ఆవాస్ యోజన పట్టణ పథకం కింద, సొంతిల్లు లేని, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలను సర్వే చేసి ప్రణాళిక పంపాల్సి ఉండేది. రాష్ట్ర, కేంద్ర కమిటీలు ఒప్పుకున్నాక కట్టింది టిడ్కో. వెంకటేశ్వరపురం, అల్లీపురం బ్లాకులు అలా లేచినవే.

ఒక్కో ఇంటికి కేంద్రం ఇచ్చింది 1.5 లక్షలు. మిగతాది రాష్ట్ర వాటా, లబ్ధిదారు వాటా, బ్యాంకు లోను. 300 చదరపు అడుగుల ఇల్లు తర్వాత రూపాయికే ఇచ్చారు. 365, 430 అడుగుల వాళ్లకు మాత్రం లోను వాళ్ల పేరు మీదే ఉంటుంది. అసలు టెన్షన్ ఇక్కడే: తాళం చేతికి రావడం ఆలస్యమైతే అద్దె, వాయిదా రెండూ ఆ కుటుంబం మీదే పడతాయి.

నన్నడిగితే ప్రణాళికలో దూరం కూడా లెక్కేయాలి. వెంకటేశ్వరపురం నుంచి స్టోన్‌హౌస్‌పేటకు కూలికి వచ్చే మనిషికి రోజూ ఆటో చార్జీ కూడా ఇంటి ఖర్చే. లోను కాగితాల మీద సంతకం పెట్టేముందు నీళ్లు, డ్రైనేజీ, కరెంటు వచ్చాయో లేదో బ్లాకు దగ్గరికెళ్లి కళ్లారా చూసుకోండి.