ఇనుము ఆటోనగర్‌లో, బోల్టులు వన్ టౌన్‌లో

ఇంట్లో వర్క్ బెంచ్ చేసుకోవాలి, విజయవాడలో సామాను చవగ్గా ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. ఇనుముకి ఆటోనగర్ వెళ్ళండి. బోల్టులు, నట్లు, వాషర్లకి వన్ టౌన్. ఆన్‌లైన్ జోలికి పోవద్దు, డబ్బా నిండా బోల్టులొస్తాయి గానీ మనకి కావాల్సిన సైజువి నాలుగుంటే గొప్ప.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చోట యాంగిల్, అంటే ఎల్ ఆకారపు ఇనప కమ్మీ, ముక్కలు మిగులుతుంటాయి. మూడడుగుల ముక్క వాళ్ళకి తుక్కు, మనకి బెంచ్ కాలు. కాటా వేసి ఇస్తారు కాబట్టి బరువు ఇంట్లోనే లెక్కేసుకుని వెళ్ళండి. 40 × 40 × 5 మి.మీ. యాంగిల్ మీటరుకి 3 కిలోలు. ఐదడుగుల బెంచ్‌కి కాళ్ళు, పైనా కిందా చట్రం కలిపి 12 మీటర్లు, అంటే 36 కిలోలు. కాటా 45 చూపిస్తే వాదన పెట్టుకోకుండా టేపు బయటికి తీయండి చాలు. పైన మాత్రం ఇనప ప్లేటు వద్దు. 10 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకే 78 కిలోలు, మేడ మీదికి ఎవరు మోస్తారు? పడగొట్టిన ఇంటి టేకు తలుపు ఒకటి చూసుకోండి.

ఇక వైస్, అదే పని చేసే ముక్కని దవడల మధ్య బిగించి పట్టే పోత ఇనప పనిముట్టు. నాది ఓ తుక్కు కొట్లో కమాను పట్టీల గుట్ట కింద దొరికింది. రేటు అడగ్గానే "అది తుక్కు కాదండీ, సామాను" అన్నాడు కొట్టతను. పక్కనున్న స్పానర్‌తో తట్టి చూశాను. ఖంగుమంది. పోత ఇనుము పగిలితే ఆ మోత రాదు, బొంగురుగా పలుకుతుంది. పగిలింది వెల్డింగ్‌కి అంత తేలిగ్గా లొంగదు కూడా. తర్వాత హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాను. పావు చుట్టు తిరిగాక గానీ దవడ కదల్లేదు, లోపల నట్టు అరిగింది. ఏమీ అనకుండా మళ్ళీ మళ్ళీ అదే తిప్పుతూ కూర్చున్నాను. "పెళ్ళిచూపులా బాబాయ్ ఇవి?" అని నవ్వాడు. తుక్కు రేటుకైతే రాలేదు, కొత్తదాని ధరలో మూడో వంతుకి వచ్చింది.

బోల్టులు మాత్రం తుక్కులో ఏరకండి. పాత మిషన్లవి అరంగుళం బోల్టులు కొన్నిటికి అంగుళానికి 12 మరలు, కొన్నిటికి 13. ఒకదాని నట్టు ఇంకోదానికి పెడితే రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, బాగా పట్టిందనుకుంటాం. అక్కడ పట్టింది మర కాదు, మన ఖర్మ.

వన్ టౌన్‌లో బండి పెట్టే చోటు ఉండదు, కాళేశ్వరరావు మార్కెట్ వైపు ఎక్కడో పెట్టి నడవాల్సిందే. అంత ఎండలో వెళ్తే కొట్లో ఏమంటారో తెలుసా? "మేస్త్రీని పంపండి సార్, ఆయనకైతే తెలుస్తుంది." సొంతంగా పని చేసుకునేవాడంటే ఈ ఊళ్ళో అంత లోకువ! అందుకే చీటీ రాసుకెళ్ళండి: ఎం10 (అంటే 10 మి.మీ. లావు), పొడవు 40 మి.మీ., తల మీద 8.8 ముద్ర (బోల్టు బలానికి గుర్తు), స్ప్రింగ్ వాషర్‌తో. చీటీ చూస్తే మారుమాట లేకుండా డబ్బా దించుతారు.