ఫారంలో కనిపించకుండా పోయిన 23 మంది

ప్రశ్న: మా గ్రంథాలయ సభ్యుల వివరాలు డేటాబేస్ ప్రోగ్రామ్ అయిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పెట్టుకున్నాం. టేబుల్‌లో 412 మంది ఉన్నారు. ఫారంలో మాత్రం 389 మందే వస్తున్నారు. ఫారం తీసేసి రెండుసార్లు కొత్తగా చేశాను, అయినా అదే లెక్క. ఫైలు పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది. కాపీ ఒకటి పంపుతున్నాను, చూడగలరా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీరు స్థిమితపడండమ్మా, మీ డేటా భద్రంగానే ఉంది. ఫారం తనంతట తాను ఎవరినీ దాచలేదు. వెనకున్న క్వెరీ (టేబుల్ నుంచి కావాల్సిన రికార్డులను ఏరి ఇచ్చేది) ఎంతమందిని ఇస్తే అంతమందినే చూపించింది. అందుకే ఎన్నిసార్లు కొత్తగా చేసినా లెక్క మారలేదు. ఇలాంటప్పుడు నేను చేసే మొదటి పని, ఫారం మూసేసి ఆ క్వెరీని విడిగా తెరవడం. ఫారం అమరికలు ఉండే ప్రాపర్టీ షీట్‌లో రికార్డ్ సోర్స్ దగ్గర దాని పేరుంటుంది. మీ క్వెరీ తెరిస్తే అడుగున 389 అనే ఉంది. ఒకవేళ అక్కడ 412 ఉండుంటే ఫారంలో ఏదైనా ఫిల్టర్ ఉండిపోయిందేమో వెతికేవాణ్ణి.

మీ క్వెరీలో సభ్యుల టేబుల్‌నీ, సభ్యత్వ రకాల టేబుల్‌నీ ఒక గీతతో కలిపారు. ఆ గీతకు మామూలుగా ఉండే అర్థం, రెండు వైపులా జత కుదిరినవాళ్లనే చూపించమని. 17 మందికి సభ్యత్వ రకం గడి ఖాళీగా ఉంది. జత లేదు కాబట్టి వాళ్లు రాలేదు. గీత మీద డబుల్ క్లిక్ చేస్తే మూడు ఎంపికలు వస్తాయి. సభ్యుల టేబుల్‌లోని రికార్డులన్నీ రావాలని చెప్పేదాన్ని ఎంచుకోండి. నన్నడిగితే ఆ రెండో టేబుల్ ఈ క్వెరీలో అక్కర్లేదు. రకం పేరు కనిపించడానికి ఫారంలో ఒక కాంబో బాక్స్ (నొక్కితే జాబితా తెరుచుకునే గడి) చాలు.

ఇంకా 6 మంది మిగిలారు. అసలు చిక్కు వీళ్లదే. స్థితి అనే ఫీల్డ్ కింద మీరు <> "రద్దు" అని షరతు రాశారు. రద్దయినవాళ్లు తప్ప అందరూ వస్తారనుకున్నారు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ ఆరుగురి స్థితి గడిలో ఏమీ లేదు. యాక్సెస్ దృష్టిలో ఖాళీ గడి అంటే 'ఏముందో తెలియదు' అని. తెలియనిది రద్దుతో సమానమా అంటే చెప్పలేదు, కాదా అన్నా చెప్పలేదు. తేలని రికార్డును పక్కన పెట్టేస్తుంది. ఇలాంటి ఖాళీ గడినే నల్ అంటారు. ఆ షరతు కింది వరసలో, 'ఆర్' అన్న చోట, ఈజ్ నల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. మీ కాపీలో ఈ రెండు మార్పులూ చేసి చూశాను. రద్దయినవాళ్లు ఒక్కరూ లేరు కాబట్టి 412 మందీ వచ్చారు. రేపు ఎవరినైనా రద్దు చేస్తే మాత్రం ఆ మేరకు లెక్క తగ్గుతుంది, అప్పుడు కంగారుపడకండి.

ప్రశ్న: కోడ్‌లో తయారుచేసిన క్వెరీకి జూన్ 5 ఇస్తే మే 6 నాటి రికార్డులు వస్తున్నాయి. జూన్ 20 ఇస్తే సరిగ్గానే వస్తోంది. ఎందుకిలా?
- మరో పాఠకుడు

జవాబు: కోడ్‌లో రాసిన క్వెరీలో # గుర్తుల మధ్య తేదీని యాక్సెస్ అమెరికా పద్ధతిలో, నెల ముందు వేసుకుని చదువుతుంది. మనం రోజు ముందు వేసి రాసిన 05/06 మే 6 అయిపోతుంది. 20వ నెల లేదు కాబట్టి 20/06ని మాత్రం తిప్పి చదువుకుంటుంది. ప్రతి నెలా మొదటి 12 రోజుల్లోనే తప్పు వస్తుంది, పైగా నెలా తేదీ ఒకటే అంకె అయినరోజు అదీ రాదు. ఒకప్పుడు నేను చేసిచ్చిన బకాయిల జాబితా ఇలాగే తప్పుగా వెళ్లింది. 25వ తేదీతో పరీక్షించి బాగుందనుకున్నాను. కట్టేసినవాళ్లకు మళ్లీ నోటీసులు అందాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఫార్మాట్ ఫంక్షన్‌తో తేదీని #2024-06-05# లాగా సంవత్సరం, నెల, రోజు వరసలో పంపండి, ఇక గందరగోళం ఉండదు. పరీక్షించేటప్పుడు 12 లోపు తేదీ ఒకటి, పైది ఒకటి ఇచ్చి చూడండి.

ప్రశ్న: ఫారం తెరవగానే 'ఎంటర్ పారామీటర్ వాల్యూ' అని ఒక పెట్టె వస్తోంది. క్వెరీ విడిగా తెరిస్తే రావడం లేదు.

జవాబు: ఆ పెట్టెలో కనిపించే పేరు చూడండి. మీరు ఎప్పుడో మార్చేసిన ఫీల్డ్ పాత పేరు అయ్యుంటుంది. ఫారం ప్రాపర్టీ షీట్‌లో డేటా ట్యాబ్‌కు వెళ్లి ఆర్డర్ బై, ఫిల్టర్ గడులు చూడండి. అక్కడ ఉంటే తుడిచి సేవ్ చేయండి.